వెర్లన్ ఆ రోజు తాగలేదు

మా బావమరిది వెర్లన్ టిల్మన్ పాడుతుంటే వేరుశనగ మిల్లులో యంత్రాలు ఆపేసేవాళ్ళని మా ఊరు కోల్వర్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది అబద్ధం. యంత్రాలు ఎవరూ ఆపలేదు. వాటి రొద మీంచి వాడి గొంతు వినిపించేది, అంతే. పక్కనే బస్తాలు కుడుతుండేవాణ్ణి కాబట్టి నాకు తెలుసు.

వాడి గురించి చెప్పుకునే అబద్ధాల్లో అది చిన్నది. పెద్దది ఇంకోటుంది. దాన్ని రెండు నెలలపాటు ఊళ్ళో తిరగనిచ్చింది నేనే. అందుకే ఇదంతా చెప్తున్నాను.

వెర్లన్ పుట్టింది పందొమ్మిది వందల నలభై అయిదులో. తండ్రి తాగి తాగి నలభై రెండేళ్ళకే పోయాడు. తల్లి యూనిస్, అంటే మా అత్తయ్య, చర్చిలో పియానో వాయించేది. వాడి అక్క నెల్డాని నేను చేసుకున్నాను. ఏడేళ్ళప్పుడే వాణ్ణి స్టూలు మీద నిలబెట్టి చర్చిలో పాడించారట. పదిహేనేళ్ళకి మిల్లులో చేరాడు. మిల్లు పొట్టు దుమ్ము తినేసిందో ఏమో, గొంతు గరుగ్గా తయారైంది. చర్చి పాటా, నల్లవాళ్ళు దిగులుగా పాడుకునే బ్లూసూ, పొలాల్లో పాడుకునే పాటా కలిపి గిటార్లతో హోరెత్తించే సంగీతం అప్పుడప్పుడే అమెరికా దక్షిణాన మా జార్జియా వైపు పుట్టుకొస్తోంది. దానికి సదరన్ రాక్, అంటే దక్షిణాది రాక్, అని పేరు పెట్టింది తర్వాతెవరో. వాడికి ఆ పేరుతో పనిలేదు. వాడి నోట్లోంచి వచ్చిందే అది.

మేం కట్టుకున్న బ్యాండులో అయిదుగురం. పాట వెర్లన్‌ది. గిటార్లు అన్నదమ్ములిద్దరివి. బేస్ గిటారు నాది, బస్సు నడపడం, బాగుచెయ్యడం కూడా నా పనే. డ్రమ్స్ ఎజ్రా బూన్. ఎజ్రా అన్న మాకంటే పదిహేనేళ్ళు పెద్ద, ఇరవయ్యేళ్ళు దుంగల లారీలు నడిపాడు. మాలో నల్లవాడు ఆయనొక్కడే. ఆయన ఉన్నాడని కొన్ని ఊళ్ళలో మాకు గదులిచ్చేవాళ్ళు కాదు. అలాంటి చోట్ల అందరం బస్సులోనే పడుకునేవాళ్ళం.

వెర్లన్ కూడా తాగేవాడు. బాగానే తాగేవాడు. డెబ్బై రెండు నవంబరులో ఒక ఊళ్ళో స్టేజీ మీంచి పడ్డాడు. మర్నాడు అద్దంలో మొహం చూసుకుని, "బావా, అచ్చు మా నాన్నలా ఉన్నాను" అన్నాడు. ఆ రోజు నుంచి ముట్టలేదు. గిటార్ల అన్నదమ్ములు బస్సులో ముందు కూర్చుని తాగుతూ, సిగరెట్లు కాలుస్తూ ఉండేవాళ్ళు. ఆ వాసనకి మనసు లాగుతుందని వాడు చివరి సీటు తీయించి చిన్న పరుపు వేసుకున్నాడు. అడ్డంగా వాళ్ళమ్మ కుట్టిన బొంత కట్టుకున్నాడు.

మా బస్సు ఒకప్పటి స్కూలు బస్సు. డెబ్బై మూడు అక్టోబరులో దాని పొగగొట్టం వెనక భాగంలో విరిగింది. కొత్తది దొరికేదాకా నడవాలి కదా అని, పందికొవ్వు డబ్బా ఒకటి కోసి, ఆ రేకుని గొట్టం చుట్టూ చుట్టి తీగతో బిగించాను. రెండు వారాలకి సరిపోతుందనుకున్నాను. చలికాలం వచ్చింది. కిటికీలన్నీ మూసేశాం. కొత్త గొట్టం సంగతి మర్చిపోయాను.

వెర్లన్‌కి తలనొప్పులు మొదలయ్యాయి.

ముందు ప్రయాణాల్లోనే వచ్చేవి. తర్వాత దిగగానే వాంతులు. నడిస్తే కాళ్ళు తడబడేవి. ఒక ఊళ్ళో బార్ ఓనరు నన్ను పక్కకి పిలిచి, "మీ పాటగాడు మానేశాడన్నావు, అడుగు తిన్నగా పడట్లేదే?" అన్నాడు. గిటార్ల అన్నదమ్ములు నవ్వుకున్నారు. విచిత్రమేమిటంటే మనిషి చూడ్డానికి మాత్రం కళకళలాడుతూ ఉండేవాడు. బుగ్గలు ఎర్రగా, ఎండలో పనిచేసి వచ్చినవాడిలా. థాంక్స్‌గివింగ్ పండక్కి ఇంటికి వెళ్తే నెల్డా మురిసిపోయింది. "మా తమ్ముడు ఎంత నిగనిగలాడుతున్నాడో చూశావా?" అంది నాతో.

అత్తయ్య మురిసిపోలేదు. గుమ్మంలోనే ఆపేసింది.

"నోరు తెరువు."

"అమ్మా, నాకు ఇరవై ఎనిమిదేళ్ళు."

"మీ నాన్నకి నలభై రెండేళ్ళు వచ్చినా తెరిపించాను. తెరువు."

వాడు తెరిచాడు. ఆవిడ మునివేళ్ళ మీద లేచి వాసన చూసింది. కాఫీ తప్ప ఏమీ లేదు. అయినా పక్కకి జరగలేదు.

"వాసన రానివి కూడా అమ్ముతున్నారట ఇప్పుడు," అంది.

వాడు నవ్వాడు. కానీ ఆ పూట ముద్ద సరిగ్గా దిగలేదు వాడికి. నాకూ దిగలేదు, వాడు నిజంగానే చాటుగా తాగుతున్నాడేమోనని. అవును, నేను కూడా అలాగే అనుకున్నాను.

ఫిబ్రవరి మొదటి వారంలో ఒక రోజు మధ్యాహ్నం దారిలో ఆగినప్పుడు ఎజ్రా అన్న నా దగ్గరికి వచ్చాడు.

"తమ్ముడూ, ఈ బండి వెనక భాగం బాలేదు."

"ఏమైందన్నా?"

"ఒక గంట వెర్లన్ పక్కన పడుకున్నాను. లేస్తే తల పగిలిపోతోంది. నేనేం తాగానని?"

"పొద్దున చేపలు పడలేదేమో."

"చేపలు నువ్వూ తిన్నావు. లారీల్లో బతికినవాణ్ణి, పొగ మింగితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. కిందికి దూరి చూడు."

దూరి చూశాను. రేకు వదులైంది. దాని పైన బస్సు అడుగుభాగం అంతా మసి. నల్లగా, వెల్లకిల పడుకున్న మనిషంత మేర.

అడిగితే షాపువాళ్ళు కొత్త గొట్టం సోమవారం వస్తుందన్నారు. మాకు శనివారం అలబామాలో ఒక స్టూడియోలో రికార్డింగు ఉంది. మొట్టమొదటి రికార్డు. పదేళ్ళుగా వెర్లన్ దానికోసమే బతుకుతున్నాడు. బస్సు కదలదంటే అంతా పోతుంది. అదొక్కటే కారణమని చెప్పుకోవచ్చు, కానీ కాదు. ఆ రేకు నా చేతిపని. అది చెడిందని ఒప్పుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఇంకో తీగ చుట్టి పైకి వచ్చాను.

"బానే ఉంది," అన్నాను ఎజ్రా అన్నతో.

ఆయన నా చేతులకంటిన మసి వైపు చూశాడు.

ఫిబ్రవరి ఎనిమిది, శుక్రవారం. దేశమంతా పెట్రోలు కరువు. అలబామా సరిహద్దు దాటే ముందు ఒక బంకు దగ్గర క్యూలో నిలబడ్డాం. మా ముందు పద్దెనిమిది బళ్ళు. మధ్యాహ్నం రెండు గంటలవుతోంది, గాలి కత్తిలా కోస్తోంది. బస్సు బ్యాటరీ బలహీనం, ఇంజను ఆపితే మళ్ళీ లేవదు. నేను దిగబోతుంటే బొంత వెనకనుంచి వెర్లన్ అరిచాడు.

"బావా, హీటర్ ఆపకు. గొంతు పట్టేసిందంటే రేపు నీతో పాడిస్తా!"

"నేను పాడితే స్టూడియోవాళ్ళు పారిపోతారురా."

"అందుకే చెప్తున్నా, ఆపకు."

ఆపలేదు.

వెర్లన్ తప్ప మిగతా అందరం కిందికి దిగి, క్యూలో వాళ్ళతో కబుర్లు చెప్పుకుంటూ ఉడికించిన వేరుశనగలు తిన్నాం. ముందు బండి కదిలినప్పుడల్లా నేనెక్కి బస్సుని కాస్త జరిపి మళ్ళీ దిగేవాణ్ణి. అలా పది పన్నెండుసార్లు ఎక్కాను. ఒకసారి, "ఒరేయ్, నిద్రేనా?" అని కేకేశాను. పలకలేదు. రేపటికి గొంతు దాచుకుంటున్నాడులే అనుకున్నాను. నాకూ కణతలు లాగుతున్నాయి. చలికేమో అనుకున్నాను.

మా ముందు మూడు బళ్ళు మిగిలాయనగా ఎజ్రా అన్న కోటు కోసం లోపలికి వెళ్ళాడు. వెళ్ళిన క్షణంలోనే వెనక తలుపు మీద కాలితో తన్నిన చప్పుడు. తలుపు ఊడి రోడ్డు మీద పడింది. ఆయన వెర్లన్‌ని చంకల కింద పట్టుకుని ఈడుస్తూ బయటికొచ్చాడు.

గడ్డి మీద పడుకోబెట్టాం. ఎజ్రా అన్న నోట్లోకి గాలి ఊదాడు, ఛాతీ నొక్కాడు. మొహం గులాబీ రంగులో ఉంది. పెదాలు కూడా. చనిపోయినవాడిలా లేడు. క్యూలో ఎవరో ఆడమనిషి, "లేస్తాడులెండి, రంగు బావుంది," అంది. ఎజ్రా అన్న చాలాసేపు ఊదుతూనే ఉన్నాడు. నేను పక్కన నిలబడ్డాను. ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది. ఆపాలని నాకు తోచలేదు.

డాక్టరు పొగ వల్ల అనే రాశాడు, ఒంటి మీది ఆ ఎర్రదనం కూడా ఆ విషప్పొగదేనన్నాడు. కానీ మా ఊరు ఇంకోలా రాసుకుంది. బస్సులో సీసాలు దొరికాయి కదా. అవి గిటార్ల అన్నదమ్ములవని ఎవరడుగుతారు? ఒళ్ళు తెలిసిన మనిషి పొగ వస్తే లేవడా, తాగి పడున్నాడు కాబట్టే లేవలేదు, తండ్రి దారే పట్టాడు అన్నారు. అత్తయ్య నమ్మింది. అంత్యక్రియల్లో ఆవిడ కళ్ళు తడవలేదు. మొహం రాయిలా ఉంది, మోసపోయినవాళ్ళ మొహంలా. నెల్డా ఏడుస్తూ, "ఒక్కసారి నాతో చెప్పుంటే మాన్పించేదాన్ని కదా," అంటూ నా భుజం మీద తలపెట్టింది. నేను నోరు తెరవలేదు.

మార్చి ఆఖర్లో ఎజ్రా అన్న మా షెడ్డుకి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఎప్పుడు చెప్తావు?"

"ఏమని చెప్పనన్నా?"

"నేను చెప్తే ఈ ఊళ్ళో ఎవడు వింటాడు తమ్ముడూ? నల్లవాడు నేరం తెల్లవాడి మీదికి తోస్తున్నాడంటారు. నువ్వే చెప్పాలి. వాడు పోయాడు సరే. వాడి పేరు కూడా చంపుతావా?"

ఏప్రిల్ రెండో ఆదివారం చర్చిలో పాస్టరు కుర్రాళ్ళకి తాగుడు గురించి చెప్తూ, వెర్లన్ పేరెత్తాడు. అత్తయ్య పియానో దగ్గర తల వంచుకుంది. నేను లేచి నిలబడ్డాను. డబ్బా రేకు దగ్గర్నుంచి మసి దాకా, ఎజ్రా అన్నతో ఆడిన అబద్ధం దాకా, ఒక్కటీ వదలకుండా చెప్పాను. చిన్నపిల్లలు కూడా కదల్లేదు. నెల్డా లేచి, నా వైపు చూడకుండా బయటికి వెళ్ళిపోయింది.

అత్తయ్య వెనక్కి తిరిగింది.

"ఎన్నాళ్ళు?"

"అక్టోబరు నుంచి అత్తయ్యా. అప్పుడు కట్టాను రేకు."

"అది కాదు. వాడు మానేసి ఎన్నాళ్ళు?"

"పదిహేను నెలలు. ఒక్క చుక్క కూడా ముట్టలేదు."

ఆవిడ పియానో మూత మీద రెండు చేతులూ పెట్టి, అందరి ముందూ, కొడుకు పోయిన రెండు నెలలకి మొదటిసారి గట్టిగా ఏడ్చింది.

పోలీసు షెరిఫ్ వచ్చి అడిగి వెళ్ళాడు. కేసు కాలేదు. ఎజ్రా అన్న మళ్ళీ దుంగల లారీలకి వెళ్ళిపోయాడు. నేను మళ్ళీ గిటారు పట్టలేదు, మిల్లులో బస్తాల పనికే పోయాను. నెల్డా తల్లి దగ్గరే ఉండిపోయింది. మే నెలంతా నేనొక్కణ్ణే వండుకు తిన్నాను.

జూన్ మొదట్లో అత్తయ్య మిల్లు గేటు దగ్గర నాకోసం ఎదురుచూస్తూ నిలబడింది. ఎండకి చేతి రుమాలు తల మీద వేసుకుంది.

"నిన్ను క్షమించానో లేదో నాకింకా తెలీదు హర్షెల్," అంది. "ఆదివారం భోజనానికి రా."

వెళ్ళాను. మొక్కజొన్న రొట్టె, బొబ్బర్లు, వేయించిన బెండకాయలు. ముగ్గురం బల్ల దగ్గర కూర్చున్నాం. సగం తిన్నాక నెల్డా బొబ్బర్ల గిన్నె నా వైపు జరిపింది. మొహం చూడలేదు. గిన్నె మాత్రం జరిపింది.