మా మేనకోడలు బడికి తీసుకెళ్లిన చెక్క

మా మేనకోడలు డ్రాయింగు టీచరు. మా వంశంలో పదో తరగతి గడప దాటిన మొదటి మనిషి. ఆరేళ్ల వయసులో, నేను అప్పుడే సున్నం కొట్టిన గోడ మీద బొగ్గుతో గీతలు గీసి నాచేత చీవాట్లు తిన్నది. ఇవాళ ఆ చేతి కిందే రెండొందల మంది పిల్లలు కుంచె పట్టడం నేర్చుకుంటున్నారు. నేను ఐదో తరగతితో చదువు ఆపినవాణ్ణి, నలభై ఏళ్లు గోడలకు రంగులేసినవాణ్ణి. అయినా ఈ సంగతి నేనే రాయాలి. ఎందుకంటే ఆ చెక్క నాది.

పోయినేడు హెడ్మాస్టరు తొమ్మిదో తరగతి డ్రాయింగు పీరియడును లెక్కలకు ఇచ్చేస్తానన్నారు. "ఆ అర్థంపర్థం లేని బొమ్మలు చూసి ఏం నేర్చుకుంటారమ్మా? శుక్రవారం వస్తాను. పిల్లలే చెప్పాలి" అని గడువు పెట్టారు.

అమ్మాయి నేరుగా మా ఇంటికొచ్చింది. "మావయ్యా, నువ్వు కుంచెలు తుడుచుకునే చెక్క ఇస్తావా?"

"పొయ్యిలోకా?"

"బళ్లోకి."

"నా పరువు తీయడానికి వేరే దారి దొరకలేదా?" అన్నాను గానీ, ఇచ్చాను.

శుక్రవారం వెనక బెంచీ మీద నేనూ కూర్చున్నాను. నల్లబల్లకు ఒకే రకం చట్రాల్లో రెండు ఆనించి ఉన్నాయి. ఒకటి నా చెక్క. రెండోది అమ్మాయి మూడు నెలలు కష్టపడి వేసిన ఆబ్‌స్ట్రాక్టు బొమ్మ. చెట్టూ లేదు, మనిషీ లేదు, ఉట్టి రంగులే. ఏది ఏదో ఎవరికీ చెప్పలేదు. తన తరగతిలో ఒక కట్టుబాటుంది: ఐదు నిమిషాలు నోరు విప్పకుండా చూడాలి, "ఇదేమిటి" అని అడగకూడదు.

హెడ్మాస్టరు రెండు నిమిషాలైనా ఆగలేదు. "ఇదమ్మా బొమ్మంటే! ఇందులో ఏదో లోతుంది" అని నా చెక్కను చూపించారు.

అమ్మాయి పిల్లలవైపు తిరిగింది. పిల్లలు "అవును సార్" అంటే పీరియడు పోయినట్టే.

ఏడాదంతా పెదవి విప్పని ఒక పిల్ల లేచింది. "కాదు సార్. అందులో చెయ్యి ఎటుపోతే రంగు అటుపోయింది. రెండోదాంట్లో ఎరుపు అంచుదాకా వచ్చి ఆగింది. ఎవరో కావాలని ఆపారు."

"ఆపితే?"

పక్కవాడు అందుకున్నాడు. "ఊపిరి బిగబట్టినట్టుంది సార్. పరీక్ష పేపరు చేతికిచ్చే ముందు నాకలాగే ఉంటుంది."

"ఏ పరీక్ష?"

"లెక్కలే సార్."

తరగతి గొల్లుమంది. హెడ్మాస్టరు నవ్వి, ఆ ఎరుపు ముందు నిలబడ్డారు. ఈసారి ఐదు నిమిషాలూ నిలబడ్డారు. "పీరియడు ఉంటుందమ్మా" అన్నారు చివరికి. వెళ్లబోతూ చెక్కవైపు తిరిగి, "మరి ఇదెవరు వేశారు?" అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. "నేనేనండీ. నలభై ఏళ్లు పట్టింది."