అనౌన్సరమ్మ గొంతు

బస్టాండులో ఏళ్ల తరబడి మైకు ముందు కూర్చుని ఊళ్ల పేర్లు చదివిన అనౌన్సరమ్మకి సొంత ఇంట్లో మైకు ఎదురుతిరిగింది. తెల్లారితే గొంతుకి ఆపరేషన్. మాట మళ్లీ వస్తుందో రాదో డాక్టరు గట్టిగా చెప్పలేదు. చూపు పోయిన భర్త కోసం ఈలోగా తన గొంతు దాచిపెట్టాలని ఆమె పట్టుదల. పాడు కంప్యూటరేమో, రికార్డు నొక్కితే తెర మీద ఒక తిన్నని గీత గీసి చేతులెత్తేస్తోంది.

కుదురుగా కూర్చోవడం ఆమె ఒంట్లోనే లేదు. తాళాలగుత్తిని వేలికి తిప్పుతూ, గదంతా తిరుగుతూ, కంప్యూటర్లో లినక్స్ ఎక్కించిన మరిదికి ఫోన్ చేసింది.

“సౌండు మిక్సర్ తెరువు వదినా. మైకు క్యాప్చర్ మ్యూట్‌లో ఉందేమో చూడు.”

“ఎప్పుడో తీసేశాను. సౌండు కూడా పైదాకా పెంచాను.”

“మైకు పిన్ను గులాబీ రంగు కన్నంలోనే పెట్టావా?”

“నా మొహం! పొద్దుట్నుంచి పెట్టి పీకి, పెట్టి పీకి ఆ కన్నం అరిగిపోయింది.”

రీస్టార్ట్ చేయమన్నాడు. చేసింది. మళ్లీ రికార్డు నొక్కి “హలో, హలో” అంది. గీత ఉలకలేదు, పలకలేదు. ఒళ్లు మండిపోయి, రికార్డు ఆపకుండానే వెనక వంటగదిలోకి వెళ్లి తలుపేసుకుంది. అక్కకి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది.

తిరిగొచ్చి చూస్తే తెర మీద గీత ఎగిరెగిరి పడి ఉంది.

“ఏమండీ, పడింది! ఏదో రికార్డయింది!”

భర్త గోడ పట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆమె ఆత్రంగా ప్లే నొక్కింది.

ముందు తాళాల గలగల. తర్వాత ఆమె గొంతే.

“భయంగా ఉందక్కా. ఆయనతో అనలేదు. నేను పలికితేనే కదా, నేనెక్కడున్నానో ఆయనకి తెలిసేది? రేపట్నుంచి ఎదురుగా ఉన్నా లేనట్టేగా.”

ఆపేద్దామన్నా చేతులాడలేదు. అప్పుడు వెలిగింది. వంట చేసుకుంటూ కూతురితో వీడియో కాల్లో మాట్లాడటానికి పొడవాటి వైరు లాగి వంటగది అలమరలో పెట్టిన కెమెరా! దానికీ ఓ మైకుంది. రోజంతా మైకు పిన్ను గుచ్చిన సౌండ్‌కార్డుని తిట్టిపోసింది గాని, కంప్యూటర్ చెవి అక్కడుంది. రికార్డింగ్ సెట్టింగులో కెమెరా పేరు తీసేసి సౌండ్‌కార్డు పేరు పెట్టింది. చేతిలోని మైకు దగ్గర దగ్గితే గీత ఎగిరిపడింది. సంతోషించాల్సింది పోయి సిగ్గుతో చచ్చిపోయింది.

“అది చెరిపేస్తానండీ. ఇప్పుడు చక్కగా మాట్లాడతాను.”

“చెరపకు.” ఆయన చేయి చాచి ఆమె వేలికున్న గుత్తిని తడిమాడు. “గొంతు విని నిన్ను కనుక్కుంటున్నానని ఎవరన్నారు? నువ్వు నోరు తెరవకముందే ఇది వినిపిస్తుంది నాకు. రేపు ఆస్పత్రికి దీన్ని కూడా తెచ్చుకో.”

ఆమెకు నమ్మకం కుదరలేదు. అలికిడి లేకుండా లేచి, గది ఆ చివరికి వెళ్లి, గుత్తిని ఒక్కసారి ఆడించింది.

ఆయన మొహం సరిగ్గా అటే తిరిగింది.