నిద్రగన్నేరు కింద కనకాంబరాలు

శ్రీకాకుళంలో నేను రోజూ బస్సెక్కే చోటికి వెళ్ళే దారిలో కర్రకోత మిల్లు ఒకటి ఉంది. పచ్చి దుంగ కోసిన రోజున ఆ వాసన వీధి చివరిదాకా వస్తుంది. కొంచెం పులుపు, కొంచెం తీపి కలిసిన తడి వాసన. అందరూ మామూలుగా నడిచిపోతారు. నేను మాత్రం ఆగిపోతాను. ముందు తలెత్తి పైకి చూస్తాను. తర్వాత చుట్టుపక్కల పిల్లలెవరైనా ఉన్నారేమోనని వెతుక్కుంటాను. ఊపిరి మామూలయ్యాక గానీ వరహాలమ్మగారి ముఖం గుర్తుకు రాదు.

2014లో బీఈడీ పూర్తిచేసి ఉద్యోగం కోసం తిరుగుతున్నాను. ఆమదాలవలసలో రైల్వే స్టేషనుకు కాస్త దూరంగా, ఒకప్పటి ధాన్యం గోదాములో ఆవిడ చిన్నపిల్లల బడి నడిపేవారు. వ్యాపారుల ఇంటి ఆడపడుచు. తమ్ముడికి శ్రీకాకుళంలో కిరాణా కొట్టు. పెళ్ళయిన కొత్తలోనే భర్త పోతే, పుట్టింట్లో ఒకరి చేతికింద బతకడం ఇష్టంలేక అద్దె స్థలంలో బడి పెట్టుకున్నారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. పాఠం చెప్పేటప్పుడు పుస్తకంలో భాష, తక్కిన వేళల్లో మన భాష. నేను సర్టిఫికెట్లు బల్లమీద పెడితే వాటిని పక్కకు జరిపేసి, "ఏ ఊరమ్మీ మీది?" అన్నారు.

"సముద్రం ఒడ్డునండి. మా నాన్న వేటకెళ్తాడు. అమ్మ చేపలమ్ముతాది."

"ఈత వచ్చా నీకు?"

"వచ్చండి."

"అయితే ఊరికే బెదిరిపోవు. రేపట్నుంచి వచ్చీ."

నా మొదటి ఉద్యోగం అలా దొరికింది. క్లాసులో అరవకుండా పిల్లల్ని నిశ్శబ్దంగా కూర్చోబెట్టడం, ఏడ్చేవాడిని ఓదార్చకుండానే ఊరుకోబెట్టడం, తప్పు చేసిన టీచరును పిల్లల ముందు కాక గదిలోకి పిలిచి తిట్టడం, అన్నీ ఆవిడ దగ్గర చూసి నేర్చుకున్నవే.

బడి ఆవరణ సగం మీద ఒక నిద్రగన్నేరు గొడుగు పట్టినట్టు పరుచుకుని ఉండేది. దాని కింద గడ్డిపరక మొలిచేది కాదు. ఎంత వాన పడినా ఆ చెట్టు వేళ్ళే తాగేసేవి. వానాకాలం దాటితే నేలంతా పొడి దుమ్ము. అయినా పిల్లలకు అదే స్వర్గం. అన్నాలు తినేది అక్కడే, ఆటోల కోసం ఎదురుచూసేది అక్కడే. ఆ యేడు దసరా దాటాక వచ్చిన పెద్ద తుపానుకు ఊళ్ళో ఎన్నో చెట్లు కూలాయి గానీ నిద్రగన్నేరు నిలబడింది. పిల్లలు దానికి చప్పట్లు కొట్టారు. వరహాలమ్మగారు మాత్రం ఆ వారంలోనే చెట్టుకు ఒక పక్కన మేకులు పాతి తాడు కట్టించారు. గొంగళిపురుగులు రాలుతున్నాయి, అటు పోవద్దన్నారు. పిల్లలు రెండ్రోజులు భయపడి, మూడోరోజు నుంచి తాడు కింద దూరడమే ఆటగా పెట్టుకున్నారు. ఆవిడ బెత్తం చూపించారు, కేకలేశారు. ఒక పిల్లవాణ్ణి ఎండలో నిలబెట్టారు కూడా. ఫలితం లేదు.

మరుసటి యేడు వానలు మొదలవుతూనే ఆవిడ మొక్కల మీద పడ్డారు. తాడు కట్టిన మేరంతా పూలమొక్కలతో కప్పెయ్యాలన్నారు. ముందు బంతి వేశాం. నీడకు సన్నగా సాగి, పూత పూయకుండానే వాలిపోయింది. చామంతి కుళ్ళింది. లోతుగా గోతులు తవ్వి నందివర్ధనాలు నాటిస్తే చెట్టు వేళ్ళు తెగాయే తప్ప మొక్కలు బతకలేదు. నాకు నవ్వొచ్చింది. "ఈ చెట్టు కింద దేవుడు కూడా పండించలేడు మేడం" అన్నాను. ఆవిడ నవ్వలేదు.

ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకుని రామతీర్థం దగ్గర తన మేనమామగారి మామిడితోటకు తీసుకెళ్ళారు. ముసురు పట్టినట్టున్న ఆ నీడలో, నేల కనబడకుండా కనకాంబరాలు పూసి ఉన్నాయి. మధ్యలో ఊదారంగు డిసెంబరాలు. నీళ్ళు పోసేవారెవరూ లేరు. ఆవిడ అక్కడే చతికిలబడి మొక్కల మొదళ్ళు వేళ్ళతో తడిమి చూశారు. "సూసినావా? ఎవులూ తవ్వలేదు. రాలిన ఆకు రాలినట్టే ఉన్నాది. ఆ ఆకు కుళ్ళులోనే వేరు పెట్టుకున్నాయి. మనం పెద్ద చెట్టుతో తగువెట్టుకున్నాం, అదీ తప్పు. సందు సూసుకుని దూరాల."

చిన్న చిన్న నారు మొక్కలు, ఎండిన కనకాంబరం కాయలు సంచినిండా తెచ్చుకున్నాం. ఆ కాయల మీద నీళ్ళు చిలకరిస్తే టప్పున పగిలి గింజలు ఎగిరిపడేవి. అది చూడ్డానికి బడంతా చేరేది. చెట్టు వేళ్ళ మధ్య మెత్తగా తగిలినచోట గునపం మొనతో చిన్న బెజ్జం చేసి, పిడికెడు ఆకు ఎరువు వేసి, ఒక్కో మొక్క నాటాం. అంచుల్లో పసుప్పచ్చ పూల వెడేలియా తీగ పరిచాం. దాని కణుపు నేలకు తగిలితే చాలు, వేరు దిగిపోతుంది. ఊడ్చే ఆమెను రాలిన ఆకు ముట్టుకోనిచ్చేవారు కాదు. మొదటి వేసవి మాత్రం చెంబుతో, ఒక్కో మొక్క మొదట్లో, నీళ్ళు పోయవలసిందే. ఆ పని ఆవిడే చేసేవారు, నేలలో తడంతా చెట్టు తాగేస్తుందని తర్వాతి యేడూ మానలేదు. నేను చెంబు పట్టుకుని లోపలికి అడుగేస్తే కేకపెట్టేవారు.

"ఒలమ్మీ, బేగి బయటికొచ్చీ! నీది పాదమా, ఏనుగు పాదమా? నా మొక్కలు ఏటైపోవాల?"

ఆయాను రానిచ్చేవారు కాదు. తోటమాలిని పెడతామంటే ఒప్పుకునేవారు కాదు. పిల్లలు లేని మనిషి కదా, మొక్కల మీద మోజు అనుకుని టీచర్లం వెనకాల నవ్వుకునేవాళ్ళం. రెండో యేడు వచ్చేసరికి ఆ నేల పచ్చగా మూసుకుపోయి, నారింజరంగు పూలతో మండిపోయింది. చిత్రం ఏమిటంటే, తాడును లెక్కచేయని పిల్లలు ఆ పూల అంచు దగ్గర ఆగిపోయేవారు. ఆడుకునే బంతి లోపల పడితే బయటే నిలబడి పెద్ద మేడంను పిలిచేవారు. తల్లులు మాత్రం గొణిగారు. మా వైపు గుంటలంటే పిల్లలే. "గుంటలు ఆడుకోడానికి సోటు లేకండా సేసినారు, పూలెవులికి గావాల?" అని ఒకామె మొహం మీదే అంది. ఆవిడ మాట పడి ఊరుకున్నారు.

2017 మార్చి. ఒంటిపూట బడులు మొదలయ్యాయి. బడి వదిలాక పిల్లల్ని వరండాలో వరసగా కూర్చోబెట్టి ఆటోల కోసం చూస్తున్నాను. ఆకు కదలడం లేదు. గాలి అన్నమాటే లేదు. వరహాలమ్మగారు కొంగు బిగించుకుని, చెంబు తీసుకుని కనకాంబరాల్లోకి వెళ్ళారు. బట్ట చింపినట్టు ఒక పొడుగాటి చప్పుడు వినిపించింది. ఎవరు ఏం చింపుతున్నారా అని నేను పక్కకు చూశాను. అంతలో నేల అదిరింది. తలుపులు కొట్టుకున్నాయి. దుమ్ము లేచి ఆవరణ కనబడలేదు. పిల్లలు ఏడవలేదు. ఒక్కరూ ఏడవలేదు. అంతమంది పిల్లలు అంత నిశ్శబ్దంగా ఉండడం నేను అంతకుముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. ఆ నిశ్శబ్దంలో పచ్చి కర్ర వాసన గుప్పున వచ్చింది.

మనిషి కౌగిలికి అందనంత కొమ్మ, తాడు కట్టిన మేరంతా ఆక్రమించి పడి ఉంది. ఒకప్పుడు పిల్లలు ఆటోల కోసం కూర్చునే చోట. పరిగెత్తాను. ఆవిడ నడుము దగ్గర్నుంచి కింద కొమ్మకింద ఉన్నారు. జుట్టునిండా పూలు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"గుంటలు?" అన్నారు.

"వరండాలో ఉన్నారు మేడం, అందరూ ఉన్నారు."

"లెక్కెట్టు."

"మేడం, మీరు..."

"ఎల్లి లెక్కెట్టు!"

వెళ్ళి లెక్కపెట్టాను. మధ్యలో తప్పిపోయి, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాను. అందరూ ఉన్నారని చెప్పాక ఆవిడ కళ్ళు మూసుకున్నారు.

ఊరు ఊరంతా వచ్చింది. అప్పట్లో పూలెందుకని గొణిగిన తల్లే కూతుర్ని గుండెకు హత్తుకుని, పూలే అడ్డుపడి కాపాడాయని ఏడ్చింది. ఆవిడను పెద్దాసుపత్రికి పంపించాక నేను ఆ కొమ్మ దగ్గరే నిలబడిపోయాను. కర్ర సంగతి నాకు కొంత తెలుసు. చిన్నప్పుడు మా నాన్న పడవ చెక్కను చూపించి, తెల్లగా ఉంటే కొత్తగా విరిగింది, నల్లగా ఉంటే పాత పగులు అని చెప్పేవాడు. కొమ్మ మాను నుంచి ఊడిన చోట సగం తెల్లగా ఉంది. తక్కిన సగం నల్లగా, మట్టిపట్టి, చీమలు పుట్టలు పెట్టుకుని ఉంది. అది ఇవాళ్టి పగులు కాదు. దానికి సూటిగా కింద తాడు కట్టిన మేకు ఉంది. అయితే ఆ తాడు గొంగళిపురుగుల కోసం కట్టింది కాదు.

ఆవిడ బతికారు గానీ మళ్ళీ నడవలేదు. బడి మూతపడింది. చెట్టును కొట్టేశాక కనకాంబరాలు ఆ వేసవి ఎండకు మాడిపోయాయి. శ్రీకాకుళంలో తమ్ముడి కొట్టు మీది గదిలో, కిటికీ పక్క మంచం మీద ఉండేవారు. నేను వెళ్ళిన మొదటిసారి పళ్ళు బల్లమీద పెట్టి, కుశలం కూడా అడగకుండా అడిగేశాను.

"అది పాత పగులు. మీకు తెలుసా మేడం?"

"తెలుసు" అన్నారు. చూపు కూడా తిప్పుకోలేదు. "తుపాను పోయిన్నాడే సూసినాను. వడ్రంగికి సూపించినాను. ఉండనూ వచ్చు, పడనూ వచ్చు, కొట్టించెయ్యండమ్మా అన్నాడు. స్థలం మనది కాదు కదా. స్థలం గల అన్నదమ్ములు ఆస్తి తగువుతో కోర్టులో ఉన్నారు. ఒకడు కొట్టించుకో అన్నాడు. రెండోవోడు ఆకు తెంపినా కేసెడతానన్నాడు."

"మాకైనా చెప్పొచ్చు కదండీ."

"మీకు సెప్తే తల్లులకి తెలుస్తాది. తల్లులకి తెలిస్తే ఇంక బడుంటాదేటి? తాడు కట్టినాను, దూరేసినారు. కొట్టినాను, దూరేసినారు. పూలకి ఆగినారు."

"మరి మీరెందుకు రోజూ అందులోకి వెళ్ళేవారు?"

ఆవిడ నన్ను క్లాసులో మొద్దుపిల్లను చూసినట్టు చూశారు. "నీళ్ళొయ్యకపోతే మొక్కలు పోతాయి. మొక్కలు పోతే గుంటలొస్తారు. ఎవులో ఒకరు పొయ్యాల కదమ్మీ."

"కొమ్మ పడుతుందని అనుకోలేదా?"

"పడతాదని అనుకుంటే ఎల్తానేటి? ఇయ్యాల పడదులే అనుకునీదాన్ని. రోజూ అలగే అనుకున్నాను."

నాకు ఆవిడ పాదాలు పట్టుకోవాలనిపించింది. ఆవిడ మీద అరవాలనీ అనిపించింది. ఏదీ చెయ్యలేక లేచి వచ్చేశాను. ఆ వారం ఊరికెళ్ళి అమ్మకు ఇదంతా చెప్పాను. అమ్మ చేపలు శుభ్రం చేస్తూ కత్తిపీట మీద చెయ్యి ఆపింది.

"తల్లి లాంటి మనిషే. కాదన్ను. కానీ గాలొస్తాదని ఎరిగినోడు పడవలో అందరికీ సెప్పాలే. సెప్పి, ఎల్దామా మానేద్దామా అని అడగాల. ఆ పడవలో నువ్వూ ఉన్నావు కదే, నా తల్లీ."

అప్పటిదాకా ఆ మాట నాకు తట్టనేలేదు.

వరహాలమ్మగారు ఏణ్ణర్ధం తర్వాత పోయారు. వెళ్ళినప్పుడల్లా పాఠాల గురించే మాట్లాడుకునేవాళ్ళం. కొమ్మ ఊసు మళ్ళీ ఎత్తలేదు. నాకు సర్కారు బళ్ళో ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆవిడ నేర్పిన పని ఇప్పటికీ చేస్తున్నాను. చెట్టు నీడలో మొక్క పెట్టాలంటే తవ్వను, రాలిన ఆకు ఊడ్చను, మొదటి వేసవి చెంబుతో పోస్తాను. ఆవిడ చేసినట్టు చెయ్యలేనిది ఒక్కటే. దాని సంగతి చెప్పి ముగిస్తాను.

2019లో, నేను పనిచేసే బళ్ళో ఒక గది శ్లాబు పెచ్చులూడి లోపలి ఇనుపచువ్వలు బయటపడ్డాయి. మరమ్మతు ఎప్పటికవుతుందో తెలియదు. తల్లిదండ్రులను పిలిచి వరండాలో కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. ఈ కప్పు పడొచ్చు, పడకపోవచ్చు, ఇందులో మీ పిల్లల్ని కూర్చోబెట్టను, ఇంకో గది లేదు అన్నాను. ఒకామె తన ఇద్దరు పిల్లల చేతులు పట్టుకుని గబగబా వెళ్ళిపోయింది. ఇక బడి ఖాళీ అనుకున్నాను. వరహాలమ్మగారి భయం ఎంతటిదో ఆ సాయంత్రం నాకు పూర్తిగా అర్థమయింది.

మర్నాడు బస్సు దిగి నడుస్తుంటే బడి వైపు నుంచి చప్పుళ్ళు వినిపించాయి. నలుగురైదుగురు మగవాళ్ళు వెదుళ్ళు పాతి పాక వేస్తున్నారు. నిన్న వెళ్ళిపోయిన ఆమె తాటాకుల మోపు నెత్తిన పెట్టుకుని వస్తోంది. పిల్లలిద్దరూ వెనకాలే ఉన్నారు.

"మీరు రారనుకున్నానమ్మా" అన్నాను.

"ఎందుకు రాం? రేతిరి మా ఆయనకి సెప్పి ఈ పని పురమాయించినాను. నువ్వు సెప్పినావు కాబట్టి తెలిసింది. సెప్పకపోతే మాకేటి తెలుస్తాది?" అంటూ మోపు దించింది.

ఆమదాలవలసలోనూ ఇలాంటి మనుషులే ఉండేవారు. ఆ కోర్టు అన్నదమ్ముల ఇంటిముందు కూర్చుని ఒప్పించి, ఒక్క పూటలో రంపాలు పట్టుకొచ్చి ఆ కొమ్మ దించేసేవారేమో. ఆవిడ వాళ్ళను ఒక్కసారి, ఒక్కసారి అడిగి ఉంటే. పాక లేచింది. పిల్లలు వచ్చి కింద కూర్చుని పలకలు ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూస్తున్నారు. పాఠం మొదలుపెట్టబోయి ఆగి, ముందు వాళ్ళను ఒక్కొక్కరినీ లెక్కపెట్టాను.