జోలపాటలు చెరిపేసిన ఇంజనీరు

ఎలక్ట్రానిక్స్ కొట్లుండే చెన్నై రిచీ స్ట్రీట్‌లో కుముదవల్లిని ఎదురుగా "అక్కా" అంటారు, వెనక "మిరియాలు" అంటారు. రెండో పేరు ఆమెకు తెలుసు, కాదనదు. వ్యాసర్‌పాడి మిల్లు కార్మికుడి కూతురు. పదహారో ఏట అన్న రేడియోల కొట్టులో పని మొదలుపెట్టింది. రేడియోలు పోయాయి, టీవీలు పోయాయి, అన్నకు చూపు మందగించింది. మేడమీద ఇరుకు గదిలో ఉన్న ఆ కొట్టు ఆమెదయింది. ఇప్పుడక్కడ లాప్‌టాప్‌లు బాగుచేస్తుంది. ముప్పై ఏళ్లలో వాటంతటవి చెడిపోయిన యంత్రాలకన్నా, తెలివైనవాళ్లు చెడగొట్టినవే ఎక్కువ చూసింది.

ఆ మంగళవారం వచ్చిన తిరుజ్ఞానం అలాంటి తెలివైనవాడే. ప్రభుత్వంలో పెద్ద ఇంజనీరుగా చేసి రిటైరయ్యానని గడప దాటకముందే చెప్పేశాడు. వెనకాల ఆయన భార్య సెందామరై, లాప్‌టాప్‌ను గుండెకు హత్తుకుని.

"మెకానిక్ లేడా?"

"ఉన్నాడు. చీర కట్టుకుని మీ ఎదురుగానే కూర్చున్నాడు. ఏమైంది?"

"స్పీడుగా ఉంటుందని, ఫైళ్లు దాచుకునే కొత్త డ్రైవు, ఎస్‌ఎస్‌డి కొన్నాను. వీడియో చూసి నేనే బిగించాను. పాతదాంట్లో ఉన్నదంతా కాపీ చేశాను. తీరా చూస్తే ఖాళీ! నాసిరకం సరుకు అంటగట్టారు."

ఆమె కొత్తది చూసింది. తర్వాత పాతది తగిలించి చూసింది. అదీ ఖాళీయే. తల పైకెత్తి ఆయన్ని ఎగాదిగా చూసింది.

"రాసిన పలక చూసి ఖాళీ పలక మీద ఎక్కించాలి సార్. మీరు ఖాళీ పలక చూసి రాసిన పలకను తుడిచేశారు."

"నేనా? వంతెనలు కట్టినవాణ్ణమ్మా! ఎటునుంచి ఎటో తెలీదా నాకు?"

"ఏ వంతెనలో చెప్పండి, ఆ దారిన పోను."

సెందామరై మెల్లగా అంది: "అందులో నా పాటలున్నాయి తల్లీ."

పదకొండేళ్లుగా తంజావూరు పల్లెలు తిరిగి, నాట్లు వేసే ఆడవాళ్ల జోలపాటలూ, చావు ఇంటి శోకాలూ రికార్డు చేసిందామె. పాడినవాళ్లలో సగంమంది ఇప్పుడు లేరు.

"ఇంకో కాపీ లేదామ్మా?"

"ఒకచోట ఉంటే చాల్లే అన్నారీయన."

"ముసలమ్మల మూలుగులు! వాటికోసం పొద్దున్నించీ అన్నం కూడా వండలేదు," అన్నాడు తిరుజ్ఞానం.

కుముదవల్లి నోరు మామూలుగా ఊరుకోదు. అప్పుడు మాత్రం ఆయనకు జవాబు చెప్పడం కూడా దండగనిపించింది. మెట్ల దగ్గరున్న స్టూలు చూపించింది. ఆయన నమ్మలేనట్టు చూసి, వెళ్లి కూర్చున్నాడు.

పాత డ్రైవు మీద కొత్తగా ఒక్క అక్షరం కూడా పడనివ్వకుండా, అందులో మిగిలినదాన్ని ఏరి వేరేదాంట్లో పోయడానికి మూడు రోజులు పట్టింది. ఆరువందల నలభై పాటల్లో ఐదువందల తొంభై ఒకటి దొరికాయి. పేర్లు మాత్రం ఒక్కటీ లేవు, అన్నీ అంకెలే.

శుక్రవారం ఇద్దరూ వచ్చారు.

"చూశావా, డేటా ఎక్కడికీ పోదని నేను చెప్పలేదూ?" అన్నాడాయన భార్యతో.

"నలభై తొమ్మిది పోయాయి సార్. ఎక్కడికో మీరే కనుక్కోండి," అంది కుముదవల్లి. పాటలు రెండు డ్రైవుల్లో ఎక్కించి రెండూ సెందామరై చేతిలో పెట్టింది. సరిచూద్దామని ఒకటి మోగించింది. వణికే గొంతు, జోలపాట.

"ఒరత్తనాడు కామాచ్చి," అంది సెందామరై వెంటనే. "ఉండు, ఇప్పుడు మేకను అదిలిస్తుంది."

నాలుగో చరణంలో పాట ఆగింది. "ఛీ, పో!" అని వినిపించింది. మళ్లీ పాట. సెందామరై నవ్వింది, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"పేర్లే కదా? ఇటివ్వు, నేను వరసగా పెట్టేస్తాను," అన్నాడు తిరుజ్ఞానం చెయ్యి చాచి.

"మీరు ముట్టుకోవద్దు," అంది సెందామరై.

ఆయన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. పెళ్లయి ముప్పై ఎనిమిదేళ్లకు ఆ మాట మొదటిసారి విన్నట్టుంది.

పది నిమిషాలకు మించి ఎవర్నీ కూర్చోనివ్వని కుముదవల్లి, పని బల్ల పక్కన కుర్చీ జరిపింది. సెందామరై ఒక్కో గొంతూ వింటూ ఊరూ పేరూ చెప్తుంటే ఆమె టైపు చేసింది. తనకు ఆకలేస్తోందని తిరుజ్ఞానం రెండుసార్లు చెప్పాడు. ఎవరూ తల తిప్పలేదు. మెట్లు దిగి, ఒక్కడే హోటల్ వెతుక్కుంటూ పోయాడు.