ఇప్పచెట్ల కింద అగ్గి

తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న ఎండకాలమది. అగ్గికి కాలి సగం బోడైన బయ్యారం గుట్ట మీద కొత్తగ నాటిన మొక్కలకు నేను కాపలా ఉండేటోన్ని. అడివి ఆఫీసోళ్లంత సమ్మెల ఉండిరి. ఒక్కన్నే ఉంటే కూసోబుద్ధి కాకపోయేది, ఎటు జూసినా పొగ లేసినట్టే అనిపించేది.

ఒకనాడు పొద్దుగాల నిజంగనే పొగ లేసింది. ఉరికిన. ఒక ముసలవ్వ ఇప్పచెట్టు కింద ఎండుటాకులు కాలవెడుతున్నది. పచ్చి కొమ్మ ఇరిచి మంటను కొట్టి ఆర్పిన.

"ఏందవ్వా గిది? గుట్టంత అంటుకుంటే ఎట్ల?" అన్న.

"ఏరుకుందమంటే ఆకులల్ల వడ్డ ఇప్పపువ్వు కనవడది బిడ్డా. రేపు రాష్ట్రమొస్తే అడివి మనదే గదా, గింత పరేషానెందుకు?" అన్నది.

"మనదైతే కాలవెడ్తమా అవ్వా?"

సన్న పుల్లలు కట్టగట్టి పొరక జేసిన. ఇద్దరం కలిసి చెట్టు కింద ఊడ్చినం. నేల సాపుగైనంక రాలిన పువ్వంత కండ్లవడ్డది. ఆమె నవ్వి, నడుముల చెక్కుకున్న అగ్గిపెట్టె తీసి నా చేతుల వెట్టింది.

అయినా నా పాణం కుదుటవడలే. గుట్ట మీద ఇప్పచెట్లు ఎన్నో ఉన్నయి, ఊర్లల్ల అగ్గిపెట్టెలు ఇంకెన్నో. ఆ ఎండకాలమంత చెట్టు చెట్టుకు తిరిగి ఊడ్చిన. మొక్కలు చానామటుకు బతికినయి. నాకు మాత్రం వాన వడ్డదాక కంటినిండ నిద్ర లేదు.