నా కుర్చీ మీద పెద్దాయన

మా ఊళ్ళో పెద్దాయన గురించి ఎవరినడిగినా మంచే చెబుతారు. నెల్లూరు కాలేజీలో అర్థశాస్త్రం చెప్పే ఉద్యోగం వదిలి వచ్చాడంటారు. తండ్రి నుంచి వచ్చిన పొలాన్ని, దాన్ని దున్నుతున్న కుటుంబాలకే రాసిచ్చాడంటారు. ఆస్తి ఎట్లా పుట్టింది, ఎవరి చెమటతో పెరిగింది అని చిన్న చిన్న పుస్తకాలు రాశాడంటారు. ఆ రాతల వల్ల కొన్నాళ్ళు జైల్లో ఉండి, అక్కడి కాపలావాళ్ళకి కూడా పాఠాలు చెప్పి వచ్చాడంటారు. అన్నీ నిజమే, నేను కాదనను. కానీ ఆయన నన్ను అందరి ముందూ ఒక మాట అన్నాడు. ఆ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే ఈ రాసే పని నేను పెట్టుకున్నాను.

మా ఊరు అల్లూరు నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఉంది. "మా ఊరు" అన్నాను. చదివే మీరు ఈ ఊరివాళ్ళు కాదు కాబట్టి అదే సరైన మాట. ఆయన వింటే మాత్రం వెంటనే పాట పాడమంటాడు. ఎందుకో చెబుతాను.

ఆదివారం చర్చి అయ్యాక, భోజనాలు చేసి, కొంతమందిమి పెద్దాయన ఇంటి వసారాలో చేరేవాళ్ళం. ఆయన పుట్టింది కూడా మాలాగే క్రైస్తవ కుటుంబంలోనే. తండ్రి బడిపంతులు, సండేస్కూలు కూడా ఆయనే నడిపేవాడట. కొడుకు మాత్రం చర్చికి రాడు. చర్చి నుంచి వచ్చేవాళ్ళ కోసం చాపలు పరిచి ఎదురుచూస్తుంటాడు. వరి పండించేవాళ్ళు, చేపలమ్మే అక్క, నేను, నా భార్య, ఎవరికి తీరిక దొరికితే వాళ్ళం వెళ్ళేవాళ్ళం. నాది మోటార్లకు వైండింగ్ చేసే షాపు. రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలికే ఏరేటర్ల మోటార్లు కాలిపోతే నా దగ్గరికే తెస్తారు.

మొదటి రోజే పెద్దాయన ఒక కట్టుబాటు పెట్టాడు.

"లోకంలో చానా భాషలకి లేని సొత్తు మనకొకటి ఉండాది," అన్నాడు. "మా, మన. వినేవాణ్ణి బయట నిలబెట్టి చెప్పేది మా. లోపలికి పిలిచి చెప్పేది మన. నేను ఇన్ని పుస్తకాల్లో రాసిందంతా ఈ రెండు మాటల్లో ఉండాది. నాది అనేది మాది కావాల, మాది అనేది మనది కావాల. అంతే. ఈ వసారాలో నాది అన్నా, మాది అన్నా, వాళ్ళు లేచి ఒక పాట పాడాల."

అందరికీ అది ఆటలా నచ్చింది. చేపల అక్క మొదటి వారమే "మా ఆయన" అని దొరికిపోయింది. "మా ఆయన్ని మన ఆయన అనమంటావా అన్నా? ఇంట్లో తెలిస్తే నన్ను రానిస్తాడా?" అని గొంతెత్తి పాడింది. వసారా అంతా నవ్వులే. ఆ తర్వాత ఆమె కావాలనే "మా" అంటుందేమోనని నాకు అనుమానం. పాడటం ఆమెకి ఇష్టం.

నేను మాత్రం ఒక ఆదివారం ఆయన్నే ఇరికించాను. చర్చి నుంచి తిన్నగా వచ్చిన మమ్మల్ని చూసి ఆయన వేళాకోళంగా, "ప్రార్థనలో కూడా మా తండ్రీ అంటారే, దేవుణ్ణి బయట నిలబెట్టినారా?" అన్నాడు.

"మన తండ్రీ అని దేవుడితో అంటే, దేవుడికి కూడా ఒక తండ్రి ఉండాడని అర్థమొస్తుంది కదన్నా," అన్నాను.

ఆయన నుదురు కొట్టుకుని నవ్వాడు. ఆ సంగతి కూడా ఊళ్ళో ఎవరూ చెప్పుకోరు.

ఇక కుర్చీ దగ్గరికి వస్తాను. రోజంతా వంగి తీగ చుట్టే పని కాబట్టి నాకు నడుము నొప్పి. చాప మీద కూర్చోలేను. అందుకని ఇంట్లోంచి చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఆయన వసారాలో ఉంచాను. కలిసిపోకుండా దాని వెనక, మోటార్లకి పెట్టినట్టే ఎర్ర రంగుతో ఒక గీత పెట్టాను. ఒక ఆదివారం షాపులో పని పడి ఆలస్యంగా వెళ్ళాను. చూస్తే ఆ కుర్చీలో పెద్దాయన కూర్చుని పాఠం చెబుతున్నాడు.

"ఏంది తమ్ముడా, నిలబడే ఉండావు? కూర్చో," అన్నాడు.

"అన్నా, మీరు కూర్చున్నది నా కుర్చీ."

"ఏందీ? ఇంకోసారి చెప్పు."

"నా కుర్చీ అన్నా. ఎర్ర గీత చూడండి."

"అయిపాయె! పాట పడింది!" అని చేపల అక్క చప్పట్లు కొట్టింది.

"నేను పాడను. నా కుర్చీని నా కుర్చీ అంటే పాటెందుకు?" అన్నాను.

పెద్దాయన లేవలేదు. కుర్చీ చేతిని తడుముతూ, ఇదేదో పాఠానికి దొరికిన వస్తువైనట్టు మొదలుపెట్టాడు. "కుర్చీ నీదంటే ఆ సంబంధం నీకూ కుర్చీకీ మధ్య అనుకుంటుండావు. కుర్చీకేం తెలుసు నువ్వెవరో? ఆ సంబంధం నీకూ, ఈ చాప మీద కూర్చోనుండే వీళ్ళకీ మధ్య. నాది అంటే అర్థం, మీరు కూర్చోబాకండి అని."

"వీళ్ళకి నడుము నొప్పి లేదు కదన్నా."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే అన్నాడు ఆ మాట. "నువ్వు చిల్లర ఆస్తిపరుడివి తమ్ముడా. పెద్ద ఆస్తిపరుడితో ఎట్టన్నా పోరాడొచ్చు. నీతోనే కష్టం."

చిల్లర ఆస్తిపరుడు. వైండింగ్ షాపుకి బాడుగ కట్టుకునేవాణ్ణి. ఒక్క ప్లాస్టిక్ కుర్చీ ఉన్నవాణ్ణి. ఆ రాత్రి అన్నం సహించలేదని చెప్పలేను, బాగానే తిన్నాను, కానీ తింటున్నంతసేపూ అదే మాట్లాడాను. నా భార్య విని విని, "అయితే ఇంక పోబాకయ్యా," అంది. ఎందుకు పోకూడదు? ఆ మాట ఆయన వెనక్కి తీసుకోవాలి. పోకపోతే ఎట్లా తీసుకుంటాడు? వాన పడినా, జ్వరమొచ్చినా, ప్రతి ఆదివారం వెళ్ళాను. వెళ్ళగానే అడిగేవాణ్ణి. "అన్నా, ఆ మాట వెనక్కి తీసుకుంటారా?" ఆయన, "పాట పాడతావా?" అనేవాడు. "పాడను." "అయితే తీసుకోను." తర్వాత పాఠం మొదలయ్యేది. అట్లా ఆయన చెప్పిన అర్థశాస్త్రమంతా నేను నేర్చుకోవలసి వచ్చింది. కౌలు అంటే ఏమిటో, కూలివాడికి ఇచ్చేదానికీ అతను పండించినదానికీ నడుమ మిగిలేది ఎవరి ఇంటికి చేరుతుందో, ఏ సందులో నిలబెట్టి అడిగినా చెప్పగలను. ఇది కూడా నాకు జరిగిన నష్టాల్లోనే రాసుకున్నాను.

అట్లా కొన్నేళ్ళు నడిచాయి. ఒకసారి మా ఇంటి పక్క గుంటల్లో రొయ్యలు పట్టేశాక, అడుగున ఉన్న నల్ల బురదనీళ్ళన్నీ మా ముందున్న కాలవలోకి వదిలారు. కంపుకి కిటికీలు మూసుకుని కూర్చున్నాం. ఆదివారం వసారాలోకి అడుగు పెడుతూనే అరిచాను. "లాభమంతా వాళ్ళ గట్టు లోపలా? కంపంతా మా ఇంటి ముందరా?"

"ఆ గుంటల మోటార్లు చేసేది నువ్వేగా?" అంది చేపల అక్క.

"మోటారు నేను చేస్తా. కంపు నేను చెయ్యలా!"

పెద్దాయన చెయ్యెత్తి అందరినీ ఆపాడు. "గమ్మునుండండి. తమ్ముడా, మళ్ళీ చెప్పు."

నా బాధ అర్థమైందనుకుని మళ్ళీ చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. కళ్ళు తెరిచి, "మా ఇంటి అన్నావు, ఇంకో పాట," అన్నాడు. తర్వాత వచ్చిన ఆయన పుస్తకం మొదటి పేజీలో ఏముందో తెలుసా? "లాభం గట్టు లోపల, కంపు గట్టు బయట." కింద వివరణ. సముద్రపు నీళ్ళు ఉప్పుటేరులోంచి ఊరికే వస్తాయి. వాటితో పండించింది ఒకరి సొంతం అవుతుంది, చెడిపోయిన నీళ్ళు మాత్రం అందరి సొంతం అవుతాయి. కాబట్టి ఏ నీళ్ళు ఎప్పుడు, ఎటు వదలాలో ఊరంతా కూర్చుని నిర్ణయించాలి. బాగానే రాశాడు. కానీ నా ఇల్లు ఎగిరిపోయింది.

"నా వాక్యంలో నా ఇల్లు ఏమైందన్నా?" అని అడిగాను.

"ఊళ్ళో కలిసిపోయింది," అన్నాడు.

నాకు ఊళ్ళో కలవాలని లేదు. ఆ కంపు ముందుగా వచ్చింది నా గుమ్మంలోకి.

మొన్నటి వేసవిలో కాలవ నీళ్ళ గురించి కొడవలూరులో రైతుల సభ పెట్టారు. కల్యాణ మండపం నిండిపోయింది. మేమంతా ఆటోలో వెళ్ళాం. పెద్దాయనకి ఇప్పుడు చూపు తగ్గింది, చేపల అక్క చెయ్యి పట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. వేదిక మీద ఒక కుర్ర నాయకుడు, తెల్లచొక్కా, మంచి గొంతు. మాట్లాడుతూ మాట్లాడుతూ వేలెత్తి, "నేనెప్పుడూ ఒకటే చెప్తుంటా," అన్నాడు. "లాభం గట్టు లోపల! కంపు గట్టు బయట!"

చప్పట్లు మోగిపోయాయి. ఆ చప్పట్ల మధ్యలో పెద్దాయన లేచి నిలబడ్డాడు. నిలబడటమేమిటి, ఎగిరాడు.

"అది నాది!" అని అరిచాడు. "ఆ మాట నాది!"

చప్పట్లు ఆగాయి. చేపల అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నా ఒంట్లో ఎట్లాంటి సంతోషం పుట్టిందో చెప్పలేను. పెళ్ళిలో కూడా అంత సంతోషపడలేదు, ఈ ముక్క నా భార్య చదివినా సరే. కొన్నేళ్ళుగా నేను ఎదురుచూస్తున్న మాట ఆయన నోట్లోంచి, మైకు అక్కర్లేనంత గట్టిగా వచ్చింది. ఇక ఆగలేక నేనూ లేచాను.

"కాదు! అది నాది! గట్టు నాది, కంపు నాది, ఇల్లు కూడా ఉండేది దాంట్లో!"

అప్పుడు తెలిసింది ఏం చేశానో. చేపల అక్క కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వుతోంది. "ఇద్దరికీ పడింది! ఇద్దరూ పాడాల్సిందే!" కట్టుబాటు సంగతి ఆమె పక్క వరసకి చెప్పింది, వాళ్ళు వెనక వరసకి చెప్పారు. కాసేపట్లో మండపమంతా "పాట! పాట!" అని ఒకటే గోల. ఆ కుర్ర నాయకుడు ఏమీ అర్థంకాక మైకు కిందికి అందించాడు.

పెద్దాయన నా భుజం పట్టుకున్నాడు. "నీకేం పాటొచ్చు?"

"సండేస్కూలు పాటొకటే వచ్చు. పడవది."

"నాకూ అదే. మా నాయన నేర్పినాడు."

"మా అన్నారు. ఇంకో పాట."

"ముందు ఇది కానీ," అన్నాడు.

అది చేతులతో ఆడుతూ పాడే పిల్లల పాట. పడవ ఊగేచోట ఊగాలి, వల విసిరేచోట విసరాలి, చేపలు పడేచోట వేళ్ళు ఆడించాలి. దేవుణ్ణి నమ్మని డెబ్బై దాటిన మనిషి, నడుము పట్టేసిన నేను, నిండు సభలో ఊగాం. ఆయనకి శ్రుతి లేదు, నాకు తాళం లేదు. వల విసిరేచోట ఆయన చెయ్యి నా కళ్ళజోడుకి తగిలింది. అది కావాలని చేశాడని నేను అనను. రెండో చరణానికి మండపమంతా వేళ్ళు ఆడిస్తోంది, తెల్లచొక్కా నాయకుడితో సహా.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆయన పక్కనే కూర్చున్నాను. అదను చూసి అడిగాను. "పాట పాడినాను. ఇప్పుడు తీసుకోండి ఆ మాట."

కోసిన వరి మళ్ళ మీద గాలి చల్లగా వస్తోంది. ఆయన నా మోకాలి మీద చరిచి అన్నాడు, "మనం చిల్లర ఆస్తిపరులం తమ్ముడా."

ముందు సీట్లోంచి నా భార్య తిరిగింది. "విన్నావా? తనని కూడా కలుపుకున్నాడు. ఇంకేం కావాలయ్యా నీకు?"

ఏం కావాలో నాకు బాగా తెలుసు. ఆయనే నేర్పాడు తేడా. అదే చోట ఆయన "మేం చిల్లర ఆస్తిపరులం" అని ఉంటే, వినే నేను బయట ఉండేవాణ్ణి, నింద మొత్తం ఆయనదయ్యేది. జీవితమంతా అందరినీ లోపలికి పిలిచిన మనిషి, నన్ను ఒక్కసారి బయట నిలబెట్టమంటే నిలబెట్టలేదు. ఆ సంగతే అక్కడికక్కడ చెప్పాను. ఆటో ఊగేంతగా నవ్వాడు. డ్రైవరు బండి పక్కకి ఆపి, "ఏందన్నా, దిగాల్నా?" అని అడిగాడు.

"దిగే పన్లే," అన్నాడు పెద్దాయన. "మన ఊరు ఇంకా రాలా."

నేను ఇప్పటికీ ఆదివారం వెళ్తున్నాను. ఆ మాట ఆయన వెనక్కి తీసుకోలేదు. కుర్చీ వసారాలోనే ఉంది. వెనక ఎర్ర గీత వెలిసిపోతే మొన్న మళ్ళీ రంగు వేశాను.