అక్షరాలు కిందికి పెట్టిన బండ

మా తాతది స్కాట్లాండ్ అని మా అమ్మ చెప్పేది. అది ఊరు పేరనుకున్నాను చాలా ఏళ్ళు. దేశమని తెలిసేనాటికి నాకు మనవరాలు కూడా పుట్టింది.

గిద్దలూరు అవతల అడవిలో మీటరుగేజి లైను బాగోగులు చూసే రైల్వే దొర ఆయన. ఆ లైను మీద కంకర మోసిన కూలీల్లో మా అమ్మమ్మ ఒకతె. ఇద్దరూ ఒక ఇంట్లో ఉన్నారు. చలిజ్వరం వచ్చి ఆయన పోయాడు. పోయిన రెండు నెలలకు మా అమ్మ పుట్టింది. ఇంతవరకూ మా వాళ్ళందరికీ తెలిసిన సంగతే. తెలియనిది ఒక్కటే, వాళ్ళకు పెళ్ళయిందా లేదా అన్నది.

అయిందనే చెప్పేది మా అమ్మమ్మ. లైను పక్క పల్లెలో చిన్న చర్చి ఉంది, అక్కడ పాదిరి చేసిన పెళ్ళి అని. ఆ కాలపు పెళ్ళిళ్ళ పుస్తకం చెదలు తిన్నదని తర్వాత తెలిసింది. మా అమ్మ బాప్తిస్మం రాసిన పుస్తకం మాత్రం మిగిలింది. అందులో తండ్రి పేరు రాయాల్సిన చోట ఖాళీ.

నేను కాపురానికి మార్కాపురం వచ్చిన కొత్తలో బోరింగు దగ్గర ఒకామె నా కళ్ళలోకి చూసి, "ఏమే పిల్లికళ్ళదానా, మీ అమ్మమ్మ టిక్కెట్టు లేకుండానే రైలెక్కిందంట గదా" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను బిందె నింపుకుని వచ్చేశాను. మా అమ్మ కూడా అంతేనట, బిందె నిండేదాకా కదిలేది కాదట. మాటకు జవాబు చెబితే వరసలో మన చోటు పోతుంది. ఆ ఎండల్లో నీళ్ళు ముఖ్యం.

నేను చదివింది మూడో తరగతి. పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళ పైన పనిచేశాను. రాయిని పొరలుగా చీల్చడం, అంచులు కోయడం, చెక్క చట్రం బిగించడం అన్నీ చేశాను. దేశంలో పిల్లలు దిద్దిన పలకలు ఎన్ని నా చేతుల మీదుగా పోయాయో. చేతికి అబ్బింది రాయి, చదువు కాదు.

నా కొడుకు కూతురు గిద్దలూరులో ప్రైవేటు బడిలో పంతులమ్మ. ఆదివారాలు నా దగ్గరికి వస్తుంది. పోయిన ఏడాది ఒక ఆదివారం ఫోను నా ముందు పెట్టి, "అవ్వా, ఇట్ల చూడు" అంది. ఏదో పాత పుస్తకం పేజీ. గొలుసుకట్టు ఇంగ్లీషు రాత.

"ఏంది ఇది?"

"ఆ పల్లె చర్చికి పోయినాను. సమాధుల రిజిస్టరు ఉంది అవ్వా. చెదలు దాన్ని ముట్టలేదు. నీ తాత పేరు, వయసు, స్కాట్లాండ్, రైల్వే. చలిజ్వరం అని కూడా రాసినారు."

"చచ్చిపోయినాడని నాకు తెలుసు గదా. దానికి బస్సు ఛార్జీ పెట్టుకుని పోవాల్నా?"

"అబ్బా, నువ్వు ఒకతివి."

అలా మొదలైంది. ఆ దేశంలో చర్చి పుస్తకాలన్నీ ఫోటోలు తీసి కంప్యూటర్లో పెట్టారట. ఎవరు పుట్టారు, ఎవరికి బాప్తిస్మం నీళ్ళు చల్లారు, ఎవరు ఎవరిని చేసుకున్నారు అని. జనాభా లెక్కలు కూడా. పదేళ్ళకొకసారి ఇంటింటికీ తిరిగి ఇంటి పెద్ద ఎవరు, పెళ్ళాం ఎవరు, పిల్లలెందరు, ఏం పని చేస్తారు అని రాసుకున్నారు. కిటికీ ఉన్న గదులు ఎన్ని అని కూడా రాశారని చదివి చెప్పింది. నేను నమ్మలేదు. ఇదిగో అని చూపించింది. ఒక ఇంట్లో ఆరుగురు మనుషులు, కిటికీ ఉన్న గది ఒక్కటి.

"మనలాంటోళ్ళే గదా" అన్నాను.

పేజీ చూడాలంటే డబ్బు కట్టాలట. ఒక్కో పేజీకి. నేను తిట్టాను. "జీతమే అంతంత మాత్రం. చచ్చినోళ్ళ కిటికీలు లెక్క పెట్టను ఖర్చు పెడతావా?" అని. అది నవ్వింది. మళ్ళీ ఆదివారం ఇంకో పేజీతో వచ్చింది.

రెండు మూడు నెలల్లో ఆ పేరూ ఆ వయసూ ఉన్నవాళ్ళు ముగ్గురు దొరికారు. ఒకడు పసివాడిగానే పోయినట్టు చర్చి పుస్తకంలో ఉంది. మిగిలింది ఇద్దరు. ఒకడు ఉత్తరాన ఒక పల్లెవాడు, తాపీ పనివాళ్ళ కింద కూలి, పెళ్ళి కాలేదు. తర్వాతి లెక్కలో కనపడడు. ఇంకొకడు రైలు లైను పనివాడు. పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, కిటికీ ఉన్న గది ఒకటి. తర్వాతి లెక్కలో ఇంటి పెద్ద ఆమే. మొగుడు ఇంట్లో లేడు. విధవ అని రాయలేదు, పెళ్ళయినది అని రాశారు.

మనవరాలు ఆ పేజీ రెండుసార్లు చదివింది. తర్వాత, "రైలు పని చేసేటోళ్ళు ఆ దేశమంతా ఉంటారులే అవ్వా. కూలోడే తర్వాత రైల్వేలో చేరి ఉండొచ్చు" అంది.

"ఉండొచ్చు."

"వాళ్ళ నాయన పేరో, ఊరి పేరో తెలిస్తే తేలిపోతాది. మీ అమ్మ ఎప్పుడైనా చెప్పిందా?"

"లేదు" అన్నాను.

అబద్ధం కాదు. మా అమ్మ చెప్పలేదు. కానీ ఆ ఊరి పేరు ఎక్కడుందో నాకు తెలుసు. మా పెరట్లో ఉంది. దాని మీదే నేను రోజూ బట్టలు ఉతుకుతున్నాను.

తాత పోయాక మా అమ్మమ్మ ఒక రాయి చెక్కించింది. మన పలకల రాయే, దళసరి బండ. తాత బతికుండగా తన పేరూ ఊరూ రాసి పెట్టిన కాగితం ఉంటే, చెక్కేవాడు అది చూసి ఇంగ్లీషులో చెక్కాడట. సమాధి మీద పెట్టాలని బండి కట్టించుకుని తీసుకుపోతే పాదిరి చూసి వద్దన్నాడట. ఎందుకన్నాడో మా అమ్మ చెప్పలేదు. బండ ఇంటికి తిరిగొచ్చింది. వంటింట్లో పొయ్యి పక్కన, ఒక జానెడు మట్టిలో పాతి, నిలబెట్టారు. నేను ఎరిగినప్పటినుంచీ అక్కడే ఉంది. పై వరసల్లో ఇంగ్లీషు అక్షరాలు మసి పట్టి కనిపించేవి. అడుగు భాగం మట్టిలో ఉండేది.

అమ్మ నా దగ్గరికి వచ్చేసినప్పుడు ఆ బండ కూడా లారీలో వచ్చింది. ఆ ఏడే నేను పెరట్లో బట్టలుతికే చోటు కట్టించాను. అన్నీ కొన్నాను. బండ ఒక్కటి కొనాలి. ఇంట్లో ఒకటి ఊరికే పడి ఉండగా కొనడం ఎందుకు? నేనే దొర్లించుకుని వచ్చాను. కొసకు ఎండిపోయిన మట్టి మందంగా అంటుకుని ఉంది. కడుగుదామా అనుకున్నాను. నీళ్ళ ట్యాంకరు వచ్చి నాలుగు రోజులైంది. ఒక చెంబు నీళ్ళు ఎందుకు దండగ అనుకున్నాను.

మా అమ్మ గడపలో కూర్చుని చూస్తోంది. వద్దనలేదు. "అక్షరాలు కిందికి పెట్టియ్యి. తొక్కగూడదు" అని మాత్రం అంది.

అలాగే పెట్టించాను. సిమెంటు మీద బోర్లా. అమ్మ పోయి ఇరవై ఏళ్ళు దాటింది.

మనవరాలికి చెప్పడానికి నాకు ఐదు ఆదివారాలు పట్టింది. ఉతికే చోటు పగలగొట్టించాలని బాధ అనుకున్నాను మొదట. అది కాదు. ఇద్దరిలో ఎవరో తేలకుండా ఉంటే, పెళ్ళి కానివాడే అయ్యే వీలు ఉంటుంది. ఐదో ఆదివారం అది ఫోనులో ఇంకో పేజీకి డబ్బు కట్టబోతుంటే చెప్పేశాను. అది ఫోను కింద పెట్టి నా వైపు చూసింది.

"ఇన్నాళ్ళు దాని మీద కూర్చొని నేను గూడ కాళ్ళు కడుక్కున్నాను గదా అవ్వా!"

"కాళ్ళే గదా."

మరుసటి ఆదివారం తాపీ మేస్త్రీని పిలిచాను. మా వీధివాడే, సాయిబు, నా కొడుకు ఈడువాడు. వస్తూనే మొదలుపెట్టాడు.

"పెద్దమ్మా, నువ్వు పనికి పిలిచినావంటే ఈరోజు వాన పడతాది. ఇంత బాగుండే బండ పగలగొట్టిస్తున్నావేంది? కింద బంగారం దాచినావా?"

"పగలగొట్టొద్దు, లేపు. పలకల రాయి, పొరలు లేస్తాది. గడ్డపార అడ్డం పెట్టొద్దు, కింద నుంచి పెట్టు."

"నాకు నేర్పుతున్నావా? మా నాయన కాలం నుంచి ఇదే పని."

"మీ నాయన కట్టిందే ఇది. అందుకే చెప్తున్నాను."

వాడు నవ్వి గడ్డపార అందుకున్నాడు. జాగ్రత్తగానే చేశాడు. కానీ నేను అనుకున్నదే అయింది. బండ మీది పొరలు వేరై పైకి లేచాయి. అక్షరాలున్న పొర సిమెంటును కరుచుకుని కిందే ఉండిపోయింది. మీద పడిన అన్నేళ్ళ నీళ్ళకు మెత్తబడి ఉంది రాయి. ఉలి పెడితే పెంకులు పెంకులుగా ఊడుతోంది. మనవరాలు చేట తెచ్చి ఒక్కో పెంకూ అందులో వేసుకుంది. సిమెంటు దులిపి, తిప్పి చూసి, పక్కన పేరుస్తోంది. ఎక్కువ వాటిలో ఏమీ లేదు. కొన్నిటిలో సగం అక్షరాలు.

అరచేయంత పెంకు ఒకటి మిగతావాటికంటే దళసరిగా ఊడింది. దాని మీద ఒక మాట మొత్తం ఉంది. మనవరాలు చీర కొంగుతో తుడిచింది. ఫోను తీసి పేజీలు వెనక్కి జరిపింది. మళ్ళీ పెంకు చూసింది.

"ఊరి పేరేనా?" అన్నాను.

"ఆ."

"ఎవరిది?"

అది తల ఎత్తలేదు. "కిటికీ ఒకటి ఉండేటి ఇల్లు, అవ్వా."

పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. మేస్త్రీ మా ఇద్దరి ముఖాలూ చూసి బీడీ వంకతో గేటు దగ్గరికి పోయాడు. నేను కింద పడిన సిమెంటు ముక్కలు ఏరి గోడ పక్కన పోశాను. ఏదో ఒకటి అనిపించాలి కదా అని కాసేపు చూశాను. ఏమీ అనిపించలేదు. చేతికి దెబ్బ తగిలిన వెంటనే కొంచెంసేపు నొప్పి తెలియదు చూడండి, అలా ఉంది. ఆ కొంచెంసేపు ఇంకా అయిపోలేదు.

బండ కొసముక్క ఒకటి మిగిలింది, జానెడు వెడల్పున. అది పొరలు లేవలేదు. ఆనాటి మట్టి అడ్డం ఉండబట్టి సిమెంటు అంటలేదు, మొత్తంగా ఊడి వచ్చింది. మేస్త్రీ తిరిగొచ్చి, "దీని మీద గూడ ఏదో గీసినట్టుంది పెద్దమ్మా, నీళ్ళు తే" అన్నాడు.

డ్రమ్ములోంచి చెంబు ముంచి పోశాను. మట్టి కరిగి పోయింది. ఇంకో చెంబు పోశాను. ఇంగ్లీషు కాదు. తెలుగు. వంకరటింకర అక్షరాలు. చెక్కేవాడిది కూడా మూడో తరగతి చదువే అయి ఉంటుంది. ఎవరూ చదివి చెప్పక్కర్లేకుండా నేనే చదువుకున్నాను.

*ఈ రాయి ఈయన భార్య పెట్టించినది.*

కింద మా అమ్మమ్మ పేరు.

మనవరాలు నా భుజం పక్కన వంగి చదివింది. చదివి, మెల్లగా అంది, "అవ్వా, పెళ్ళి చేసింది ఆ పాదిరే అయితే, ఈ మాట చూసి రాయి వద్దని ఎందుకంటాడు?"

పంతులమ్మ కదా, లెక్క తప్పదు. నాకు కూడా అదే తోచింది. చర్చిలో పెళ్ళి జరిగి ఉండదు. ఆయనకు ఆ దేశంలో పెళ్ళాం పిల్లలు ఉన్నారని పాదిరికి తెలిసే ఉంటుంది. మా అమ్మమ్మకు తెలుసో లేదో. మా అమ్మకు చదువు రాదు, అయినా ఆ అడుగు వరసలో ఏముందో వినే ఉంటుంది. అందుకే మట్టిలో ఉన్నన్నాళ్ళూ బయటికి తీయమని అనలేదేమో. అందుకే కిందికి పెట్టమందేమో. అడగడానికి మనిషి లేదు.

"అన్నం తిందువు రా" అన్నాను.

తింటూ అంది, "ఆ దేశంలో ఆ పిల్లల పిల్లలు ఎవరో ఉంటారు అవ్వా. వాళ్ళు గూడ వెతుకుతుంటారేమో. ఏమైపోయినాడో వాళ్ళ పుస్తకాల్లో లేదు. సమాధి పేజీ మన దగ్గరే ఉంది."

"పంపియ్యి."

"ఇది గూడ పంపాల్నా? ఈ రాయి ఫోటో?"

నేను మజ్జిగ పోసుకుని, కలుపుకుని, సగం తిన్నాక చెప్పాను. "పంపియ్యి. అక్కడ లెక్కలు రాసినోళ్ళు ఆమెను పెళ్ళయినదని రాసినారు. మా అమ్మమ్మ గురించి ఎవరూ రాయకపోతే తనే రాయించుకుంది. రెండూ పంపు."

"చదివి ఏమనుకుంటారో."

"అనుకోనీ. మనం అనిపించుకోలేదా?"

సాయంత్రానికి మేస్త్రీ కొత్త బండ వేశాడు. కొన్నదే. కూలి లెక్కపెట్టి ఇస్తుంటే కొసముక్క చూపించి, "దీన్ని బయట పారేసేదా పెద్దమ్మా, మెట్టు కింద పెట్టేదా? మంచి రాయి, దండగ ఎందుకు" అన్నాడు. నా మాటే నాకు అప్పజెప్పినట్టుంది. మనవరాలు సమాధి దగ్గరికి తీసుకుపోదామంది. ఒకసారి బండి కట్టించుకుని పోయి వచ్చింది చాలన్నాను.

నీళ్ళ డ్రమ్ము పక్కన గోడకు ఆనించి నిలబెట్టించాను. అక్షరాలు బయటికి. పొద్దున్నే ట్యాంకరు పైపు డ్రమ్ములో వేసేటప్పుడు కొన్ని నీళ్ళు చింది దాని మీద పడతాయి. ఒక చెంబుడు ఉంటాయేమో. పైపు కొంచెం ఇవతలికి జరిపితే పడవు.

జరపడం లేదు.